మా బావ పాతిన ఎర్తు పైపు

మా బసవపున్నయ్య బావ ఒక చోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వెళ్లి దండం పెట్టి వస్తాను. అన్నం తినడానికి కూర్చున్నా ఒక మోకాలు లేచే ఉండేది. పప్పులో నెయ్యి పడేలోపే ఏదో గుర్తొచ్చి చెయ్యి కడుక్కునేవాడు. కాలుగాలిన పిల్లి అని మా అమ్మ ఆయనకి చిన్నప్పుడే పేరు పెట్టింది. బావంటే పరాయివాడేం కాదు, మా మేనత్త కొడుకు. మా అక్క ప్రమీలారాణి ఆయన్ని చేసుకోకముందు నుంచే మా ఇద్దరికీ బావ. నువ్వు అనేంత చనువు.

అందరూ జేబుకి పెన్ను పెట్టుకుంటే ఆయన టెస్టర్ పెట్టుకునేవాడు. ఎవరింటికి వెళ్లినా వాళ్లు కుర్చీ వేసేలోపు స్విచ్ బోర్డు ముందు నిలబడేవాడు. తల్లాడలో మా చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు, విడిది ఇంట్లో ఒక ప్లగ్గు పనిచేయడం లేదని ఎవరో నోరు జారారు. బావ బోర్డు విప్పాడు. విప్పాక ఇల్లు మొత్తానికి కరెంటు పోయింది. పెళ్లికూతురికి పూలజడ కిటికీ దగ్గర కూర్చోబెట్టి కుట్టారు. ఆ మాట ఎత్తితే వాళ్ల ఫ్యూజు వీకు అనేవాడే తప్ప తన చెయ్యి అని ఒప్పుకునేవాడు కాదు. ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా.

ఇంతకీ ఆయనకి కరెంటు పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అశ్వారావుపేట రోడ్డు మీద మోటార్లకి వైండింగ్ చేసే ఖయ్యూం దుకాణంలో నిలబడి చూసి పట్టుకున్న విద్య అది. ఖయ్యూం మాట తక్కువ మనిషి. బావ ఊళ్లో సంగతులన్నీ చెబుతుంటే రాగి తీగ చుట్టుకుంటూ వినేవాడు. రెండు జాగ్రత్తలు మాత్రం పదే పదే చెప్పాడు. కరెంటు జోలికి వెళ్లేటప్పుడు కాళ్లకి రబ్బరు చెప్పులు ఉండాలి, చెయ్యి పెట్టే ముందు స్విచ్చి ఆర్పాలి. బావ తన జీవితంలో పొల్లు పోకుండా పాటించిన మాటలు ఈ రెండే. పెరట్లోకి వెళ్లినా హవాయి చెప్పులే, స్నానానికి వెళ్లినా అవే. దేవుడి గది గడప దగ్గర విడిచేవాడు, అదీ అక్క చూస్తుంటేనే.

బోనకల్ దగ్గరున్న కొద్ది పొలం అమ్మేసి, అశ్వారావుపేట అవతల అడవి అంచున బావ భూమి కొన్నాడు. అటువైపు పామాయిలు తోటలు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులు. బోరు వేసి, మొక్కలు నాటి, తోట మధ్యలోనే ఇల్లు కట్టాడు. రైలు కూతలు వింటూ పెరిగిన మా అక్క ఆ అడవిలో ఎలా ఉంటుందని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు. టౌనులో ఉన్నవన్నీ నీ ఇంట్లో ఉంటాయని బావ ఆమెకి మాటిచ్చాడు. ఆమె అడగలేదు. అయినా మిక్సీ వచ్చింది, కూలరు వచ్చింది, ఇస్త్రీ పెట్టె వచ్చింది, గదికి రెండేసి ప్లగ్గులు వచ్చాయి. నాకు అశ్వారావుపేటలో టీచరు ఉద్యోగం వచ్చి వాళ్లింట్లోనే ఉన్నాను కాబట్టి ఆ తర్వాత జరిగింది ఎవరో చెబితే విన్నది కాదు.

ఆ తోటల్లో ఉన్నది మోటార్ల కరెంటు. మోటారుకి మూడు తీగలు వస్తాయి, మూడూ కరెంటు తెచ్చేవే. ఇంట్లో బల్బు వెలగాలంటే తెచ్చిన కరెంటుని తిరిగి తీసుకుపోయే తీగ ఇంకొకటి కావాలి. దాన్ని న్యూట్రల్ అంటారు. అది మా వైపు రాలేదు. తీగ లేకపోతేనేం, భూమి ఉంది కదా అనుకున్నారు తోటలవాళ్లు. ఒక ఇనుప పైపు నేలలో దించి, ఇంట్లోంచి వచ్చే రెండో తీగని దానికి చుడితే కరెంటు నేలలోకి దిగిపోతుంది, బల్బు వెలుగుతుంది. దాన్నే ఎర్తు అనేవాళ్లు. బావ ఆ పైపుని ఇంటి వెనక, నీళ్ల గోలెం పక్కన, అంట్లు తోమే చోట పాతాడు. అక్కడైతే గడ్డపార తేలిగ్గా దిగింది.

వానాకాలం, చలికాలం బాగానే గడిచాయి. శివరాత్రి దాటి ఎండలు ముదిరేసరికి ప్లగ్గులు చచ్చిపోయాయి. బల్బులు ఆముదపు దీపాల్లా గుడ్డిగా వెలిగేవి గానీ, ప్లగ్గులో మిక్సీ పెడితే మూలుగు కూడా వచ్చేది కాదు. బావ టెస్టర్ తీసి ప్లగ్గు కన్నంలో పెట్టాడు, వెలిగింది. పక్క కన్నంలో పెట్టాడు, అక్కడా వెలిగింది. రెండు కన్నాల్లోనూ వెలిగిందంటే తిరిగి పోయే దారి తెగిందని అర్థమట, అది మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం కరెంటు రెండింతలు వస్తోందని, దోషమంతా ప్లగ్గులదేనని బావ తేల్చాడు.

ఇక చూడండి, ఇల్లు పీకి పందిరి వేశాడు. ప్లగ్గులు మార్చాడు, స్విచ్చులు మార్చాడు, గోడ మీది చెక్క పట్టీలు ఊడదీసి తీగలన్నీ బయటికి లాగాడు. ఒక రోజు బల్లి దూరిందన్నాడు, మర్నాడు చీమలు కొరికాయన్నాడు. నేను ట్రాన్సిస్టర్ రేడియో మరీ గట్టిగా పెడుతున్నానని కూడా అన్నాడు. అది సెల్స్‌తో నడిచే రేడియో అని చెబితే అయినా సరే అన్నాడు. నట్టింట్లో తీగల మీద నుంచి దాటుకుంటూ మేం తిరుగుతుంటే, అక్క రోట్లో పచ్చడి నూరుకుంటూ నాకు ఈ రోలు చాలు బావా అంది. ఆ మాటతో ఆయనకి ఇంకా పట్టుదల వచ్చింది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

జవాబు ఆయన వెతకని చోట దొరికింది. మా ఇంట్లో పనిచేసే బాలి, పక్క గూడెం మనిషి, గోలెం కడగడానికి అందులోని నీళ్లన్నీ ఒక్కసారిగా ఒంపేసింది. వంటింట్లో మిక్సీ మూత లేకుండా, స్విచ్చి వేసే ఉంది. అది ఒక్కసారిగా లేచి తిరిగింది. అందులోని కందిపొడి గోడలకి, దేవుడి పటాలకి, నా తలకి పట్టింది. బావ పెరట్లోకి పరిగెత్తి తడిసిన పైపుని చూసి నవ్వడం మొదలుపెట్టాడు. నేల ఎండితే కరెంటు దిగదు, అంట్ల నీళ్లు ఆ ఎండలకి చాలడం లేదు, బాగా తడిపితే దిగుతుంది, అంతే కిటుకు.

ఆ రోజే పైపు చుట్టూ తవ్వి ఉప్పు, బొగ్గు పోసి పూడ్చాడు. పైపు ఎప్పుడూ తడిగా ఉండాలి కాబట్టి అంట్లు అక్కడే తోమాలని, బట్టలు అక్కడే ఉతకాలని, స్నానాల నీళ్లు కూడా అటే పోవాలని హుకుం జారీ చేశాడు. ప్లగ్గులన్నీ బతికాయి. పొద్దున్నే తన తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవాడు, కూలరు ముందు నిలబడి అందరినీ పిలిచి చూపించేవాడు. అంతటితో ఆగితే మా బావ ఎందుకవుతాడు. చుట్టుపక్కల తోటల్లోనూ ప్లగ్గులు చచ్చాయని తెలిసి, పిలవని పేరంటంలా ఇల్లిల్లూ తిరిగి ఇదే పద్ధతిలో ఎర్తు బాగుచేసి వచ్చాడు. ఖయ్యూం అప్పుడే మామిడితోటలో ఇల్లు కట్టుకున్నాడు, అక్కడా తనే పాతాడు. అందరి దగ్గరా ఒకటే మాట, అంట్లు తోమే చోటైతే ఎప్పుడూ తడుంటుందని. మగవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ నెలలో ఉన్నంత సంతోషంగా బావని నేనెప్పుడూ చూడలేదు.

ముందు బాలి ఎదురు తిరిగింది. "అమ్మా, ఆడ నేల కొరుకుతాంది. నేనాడ తోమ," అని అక్కతో అంది. గిన్నెలన్నీ గంపలో పెట్టుకుని బోరు దగ్గరికి వెళ్లి తోముకొచ్చేది. నీళ్లన్నీ అక్కడ పోతుంటే బావ ఊరుకుంటాడా. ఇప్పపూలు రాలే రోజులు కదా, అడవికి పోవడానికి సాకు వెతుకుతోందని కేకలేశాడు. బాలి గంప అక్కడే దించి వెళ్లిపోయింది. గేదె కూడా ఆ గోలెంలో నీళ్లు తాగడం మానేసింది. దానికి వేడి చేసిందన్నాడు.

బాలి పోయాక అంట్లు అక్క చేతికి వచ్చాయి. రెండు మూడు రోజుల్లోనే కాళ్లు జివ్వుమంటున్నాయని చెప్పింది. అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా చీమలు పాకినట్టు ఉంటుందట. ఒక్కోసారి చేతిలో గిన్నె జారిపోయేది. బావ ఆమె మాట కొట్టిపారేయలేదు, ఆ మాటకొస్తే ప్రేమున్న మనిషే. టెస్టర్ పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. వెళ్లే ముందు ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆర్పాడు. చెప్పులతో ఆ బురదలో నిలబడి పైపుకి టెస్టర్ పెట్టాడు, వెలగలేదు. అటూ ఇటూ నడిచి చూపించాడు. ఏమీ లేదని తేలింది కాబట్టి అక్కని ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లాడు. నరాల బలహీనత అన్నాడాయన. బలానికి సూదులు రాశాడు.

సూదులు వేయించుకుంటూనే అక్క అంట్లు తోమింది. నాకు ఒళ్లు మండిపోయేది. నేనూ ఒకసారి తోముతానని కూర్చున్నాను, నాకేమీ అనిపించలేదు. ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో ఏదీ నడవని వేళ కూర్చున్నానని అప్పుడు తట్టలేదు. దాంతో నేనూ నోరు మూసుకోవాల్సి వచ్చింది. అక్క మాత్రం వాదించడం మానేసి గమనించడం మొదలుపెట్టింది. తోముతూ తోముతూ చెయ్యి ఆపి ఇంట్లోకి చెవి పెట్టేది. రాత్రి పడుకున్నా పాదాలు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూనే ఉండేది. ఒకే ఇంట్లో నిలకడ లేనివాళ్లు ఇద్దరయ్యారు. ఆమెని చూస్తే నాకు భయం వేసేది. ఆ మొండి నేల ఏదో ఒక రోజు మా అక్కని మింగుతుందని అనిపించేది.

ఒక పొద్దున నేను బడికి తయారవుతున్నాను. బావ ముందు గదిలో చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. పెరట్లో బిందె దొర్లిన చప్పుడైంది, వెంటనే అక్క కేక. వెళ్లి చూస్తే గోలేనికి ఆనుకుని పడి ఉంది, మోచెయ్యి చీరుకుపోయింది. బిందె అందుకోబోయి చెయ్యి పైపు వైపు జారిందట. ఏదో పట్టుకుని విసిరికొట్టినట్టైందని చెప్పింది. బావ ఎప్పటిలాగే ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి, చెప్పులు వేసుకుని, టెస్టర్ పట్టుకుని వచ్చాడు. పైపుకి పెట్టాడు, వెలగలేదు. నాచు పట్టింది, కాలు జారి ఉంటావు అన్నాడు.

అక్క లేచి నిలబడింది. కొంగుతో మోచెయ్యి తుడుచుకుంది.

"చెప్పులు విడువు బావా," అంది. "విడిచి, నేను కూర్చునే కాడ నిలబడు. నిర్మలా, నువ్వు లోపలికి పోయి ఇస్త్రీ పెట్టె పెట్టి స్విచ్చి వెయ్యి. ఈయన చొక్కా రుద్దుతున్నప్పుడే నన్ను కొరుకుతది."

బావ నా వైపు చూసి నవ్వబోయాడు. అక్క ముఖం చూసి మానుకున్నాడు. చెప్పులు విడిచాడు. ఆయన పాదాలు నేను సరిగ్గా చూడటం అదే మొదటిసారి, చెప్పుల పట్టీల కింద చర్మం తెల్లగా, పసిపిల్లలదిలా ఉంది. నేను లోపలికి వెళ్లాను. చెయ్యి స్విచ్చి మీద పెట్టాక మనసొప్పలేదు. వెయ్యవే అని పెరట్లోంచి అక్క అరిచింది. వేశాను.

ధబ్బున పడ్డ చప్పుడు వినగానే ప్లగ్గు పీకి పరిగెత్తాను. బావ బురదలో మోకాళ్ల మీద ఉన్నాడు. పడేటప్పుడు చేతులు ఎటు పోయాయో గానీ, పైపు ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఆయన దాన్నే చూస్తున్నాడు. పట్టుకుని ఉంటే ఏమయ్యేదో ఆయనకి మా ఇద్దరికంటే బాగా తెలుసు. పైపు పక్కనే అక్క రోజూ బిందె పెట్టే రాయి ఉంది. ఆ రాయిని కూడా చూశాడు.

"మిక్సీ పలకకపోతే ఇల్లంతా తవ్వినవు," అంది అక్క. "నేను చెప్తే సూదులు వేయించినవు."

ఆయన లేచాడు. వెళ్లి మెయిన్ ఆపేసి వచ్చాడు. పైపుకి చుట్టిన తీగ విప్పాడు. విప్పిన తీగ చేతిలో ఉండగానే ఒక్కసారిగా ముఖం పాలిపోయింది. "ఆ ఇళ్లన్నిట్ల గిట్లనే పాతిన కదా," అన్నాడు. అప్పటికే మోటారుసైకిలు వైపు నడుస్తున్నాడు. ఈ స్థితిలో ఒక్కణ్ణే పంపకూడదని అక్క నన్ను వెనక ఎక్కించింది. బడి సంగతి ఎవరికీ గుర్తులేదు. చెప్పులు పెరట్లోనే ఉండిపోయాయి.

మొదటి ఇంటాయన మమ్మల్ని చూసి కాఫీ తాగిపొమ్మన్నాడు. ఎర్తు పీకేస్తానంటే నవ్వాడు, బంగారంలా పనిచేస్తున్న ప్లగ్గుల్ని ఎందుకు చంపుతావన్నాడు. బావ ఆయనతో మాట పెట్టుకోలేదు. పక్క నుంచి దూసుకుని పెరట్లోకి వెళ్లి, ఆ ఇల్లాలిని అడిగాడు, అంట్లు తోమేటప్పుడు కాళ్లు జివ్వుమంటున్నాయా అని. ఆవిడ ముందు మొగుడి వైపు చూసింది. తర్వాత తల ఊపింది. మొగుడు నవ్వు ఆపాడు.

రెండో ఇంట్లోనూ అదే. ఇంకో ఇంట్లో పైపు మొదట్లో పసుపు రాసి, నిమ్మకాయ కోసి పెట్టి ఉంది. అక్కడేదో గాలి తిరుగుతోందని ఆ ఇంటి పెద్దావిడ శాంతి చేయించిందట. మరో ఇంట్లో కోడలు అంట్లు తోమనని మొండికేసిందని పుట్టింటికి పంపేశారు. బావ ఒక్కో ఇంట్లో తీగ తెంపి బయటికొచ్చి బండి ఎక్కేవాడు. ఆ మట్టిరోడ్డు మీద ఆయన బండి తోలిన తీరుకి మా ఇద్దరి ప్రాణాలూ కరెంటు లేకుండానే పోతాయనుకున్నాను.

ఆ మరుసటేడు తోటలకి నాలుగో తీగ వచ్చింది. అందాకా మేం లాంతర్లతో గడిపాం. బాలిని తీసుకురావడానికి బావే గూడేనికి వెళ్లాడు. ఆమె వచ్చింది గానీ, ఆ చోట మాత్రం మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు. బావ కరెంటు పని మానలేదు, మానే మనిషీ కాదు. కాకపోతే ఎవరింట్లో ప్లగ్గు పోయిందన్నా ముందు బోర్డు దగ్గరికి వెళ్లడం మానేశాడు. తిన్నగా వంటింటి గుమ్మంలో నిలబడి, ఎక్కడైనా జివ్వుమంటోందా అమ్మా అని ఆడవాళ్లని అడిగేవాడు. ముసలితనం వచ్చి చాదస్తం పట్టిందని కుర్రాళ్లు నవ్వుకునేవాళ్లు. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆ రోజు ఆఖరి ఇంటికి కూడా ఆయనతో వెళ్లాను.

ఆఖరిది ఖయ్యూం ఇల్లు. అతను దుకాణానికి వెళ్లిపోయాడు. ముందు తలుపు వేసి ఉంది. బావ చెల్లెమ్మా అని పిలిచాడు, జవాబు లేదు. ఇంట్లో ఎక్కడో మిక్సీ తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. బావ ఇంకోసారి పిలవలేదు, ఇల్లు చుట్టి పెరట్లోకి పరిగెత్తాడు. నేను వెనకాలే వెళ్లాను.

ఖయ్యూం భార్య ఖుద్సియా అంట్ల ముందు కూర్చుని ఉంది. కాళ్ల కింద ఒక చెక్క పలక వేసుకుంది. పలక మీంచి పాదం కింద పడకుండా, ఒదిగి ఒదిగి గిన్నె తోముతోంది. లోపల వాళ్ల అత్తగారు మిక్సీ వేస్తోందట, ఆ హోరులో మా పిలుపు వినపడలేదు. బావ మెయిన్ ఆపించి, తీగ తెంపి, రొప్పుతూ వచ్చి అడిగాడు, నేల కొరుకుతోందా అని.

"అవ్ అన్నా," అంది ఆమె. "మీరు పాతిపోయిన తెల్లారి సంది."

అంత పనిమంతుడు ఇంట్లోనే ఉంటే ఖయ్యూంకి ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. ఆమె కొంగు సర్దుకుని, బావ బురద కాళ్ల వైపు చూసి, తల దించుకునే చెప్పింది.

"చెప్పిన. బసవన్న పాతిండు, గట్లెందుకైతది, అంతా నీ భ్రమ అన్నడు."